గోడనడిగి పలక కొనాలి

నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కల చూసినా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో చూసినా హార్డ్‌వేర్ దుకాణాల ముఖం మారిపోయింది. సిమెంటు రేకులు, పీవీసీ పైపులు వెనక్కి జరిగాయి. ముందు వరసలో తొమ్మిదిన్నర అడుగుల పొడవున, నిలువు గాడులతో, టేకు రంగులోనో బూడిద రంగులోనో మెరిసే పలకలు నిలబడ్డాయి. లూవర్లు, ఫ్లూటెడ్ ప్యానెళ్లు, చార్‌కోల్ ప్యానెళ్లు అని రకరకాల పేర్లు. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు టీవీ వెనక గోడకు, పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు లప్పం రాలిపోతున్న గోడకు వీటిని వేయించుకుంటున్నారు. కొనేముందు అందరిదీ ఒకటే ప్రశ్న: ఎండీఎఫ్ మంచిదా, డబ్ల్యూపీసీ మంచిదా?

దుకాణంలో జవాబు సిద్ధంగా ఉంటుంది. కౌంటరు మీద నీళ్ల సీసా, అందులో మునిగిన డబ్ల్యూపీసీ ముక్క. "ఎన్ని దినాలు నీళ్లల్ల ఉంచినా దీనికేం గాదు సార్. గీ ఎండీఎఫ్ ముక్క జూడుండ్రి." పక్కనే పాలలో వేసిన రస్కులా ఉబ్బి, అంచులు విచ్చుకున్న ఎండీఎఫ్. ఇందులో మోసమేమీ లేదు, ప్రయోగం నిజమైనదే. కాకపోతే ఎవరి హాలు గోడా సీసాలో ఉండదు. పలక పదేళ్లపాటు బతకాల్సింది మే నెల ఎండ కాగే గోడ మీద, చెమ్మ ఎక్కే రాతిగోడ మీద, చెదలు తిరిగే ఎర్రమట్టి పైన. ఆ లెక్కలు సీసాలో కనిపించవు.

ముందు ఎండీఎఫ్ సంగతి. దీన్ని చెక్క అని అమ్ముతారు, ఉత్త రంపపు పొట్టు అని తిడతారు. నిజానికి రెండూ కాదు. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి తొందరగా ఎదిగే కట్టెను చిన్న ముక్కలు చేసి, ఒత్తిడిలో ఉన్న ఆవిరితో మెత్తబరిచి, గాడులున్న రెండు ఉక్కు చక్రాల మధ్య విసురుతారు. అప్పుడు కట్టె పొడి కాదు, నారలు నారలుగా విడిపోతుంది. ఆ నారల మీద యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, కాస్త మైనం చల్లి, ఆరబెట్టి, రెండు వందల డిగ్రీల దరిదాపు వేడిలో ప్రెస్సు కింద అదుముతారు. తయారైన బోర్డు బరువులో పదో వంతు దాకా జిగురే ఉంటుంది. ఘనపు మీటరు తూకం సుమారు 700 నుంచి 800 కిలోలు.

కట్టెను ఆవిరితో నారలు తీయడం పాత విద్యే. 1924లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, లారెల్ పట్టణంలో విలియం మేసన్ అనే ఆయన రంపపు మిల్లు దగ్గర వృథాగా పోయే ముక్కలను ఆవిరి ఒత్తిడితో పేల్చి నారలు తీశాడు. మన స్కూలు పరీక్షల్లో అట్టగా వాడుకున్న గోధుమరంగు హార్డ్‌బోర్డ్ అలా పుట్టింది. ఎండీఎఫ్ వ్యాపారం 1960ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. తెలుగు నేల మీద శ్రీకాళహస్తి దగ్గర గ్రీన్‌ప్యానెల్ వాళ్ల ఫ్యాక్టరీ 2018లో నడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కడప జిల్లా బద్వేలు దగ్గర సెంచురీ వాళ్లది వచ్చింది. నెల్లూరు, ప్రకాశం రైతులు ఒకప్పుడు కాగితం మిల్లులకే అమ్ముకున్న సుబాబుల్‌కు ఇప్పుడు ఇంకో గిరాకీ దొరికింది.

ఎండీఎఫ్ ముక్క చేతికి దొరికితే దాని అంచును ఒకసారి వెలుతురులో చూడండి. పైపొర, కింది పొర గట్టిగా, ముదురు రంగులో ఉంటాయి. నడిమి భాగం కాస్త లేతగా, వదులుగా ఉంటుంది. ప్రెస్సు వేడి ముందు పైపొరలకు తగులుతుంది, అవి మెత్తబడి ఎక్కువగా అదుముకుపోతాయి, లోపలికి వేడి చేరేసరికి అదుముడు అయిపోతుంది. అందుకే బోర్డు ముఖం మీద స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది గానీ, అంచులోకి బిగిస్తే బోర్డు నడిమికి చీలుతుంది. నీళ్లు కూడా ముఖం నుంచి కంటే అంచు నుంచే గుంజుకుంటుంది. ఎండీఎఫ్ పని చేసే కార్పెంటరు మంచివాడా కాదా అన్నది కోసిన అంచుకు ఏం పూశాడో చూస్తే తెలిసిపోతుంది.

ఉబ్బడంలో రెండు దశలున్నాయి. కట్టె నార గోడలు తేమను పీల్చుకుని లావెక్కడం మొదటిది. ఆరితే ఇది వెనక్కి పోతుంది. ప్రెస్సులో బలవంతంగా నలిగిన నారలు తడి తగలగానే ఒత్తిడి వదిలించుకుని పైకి లేవడం రెండోది. ఇది ఎంత ఆరినా వెనక్కి రాదు. 12 మిల్లీమీటర్ల మామూలు ఎండీఎఫ్‌ను ఒక రోజంతా నీళ్లలో ఉంచితే మందం 15 శాతం వరకు పెరగడాన్ని యూరప్ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. తేమను తట్టుకునే రకానికైతే 10 శాతం. ఆ రకంలో యూరియా జిగురుకు మెలమైన్ కలుపుతారు, బోర్డు నడుమ ఆకుపచ్చ రంగు వేస్తారు. ఆకుపచ్చ కేవలం రంగు, గుర్తు కోసం వేసినది. అది తడిని ఆపదు, ఎవరైనా దేంట్లోనైనా కలపొచ్చు. కాబట్టి రంగు చూసి కాకుండా బోర్డు మీద ఐఎస్ 12406 అన్న అంకె, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయా అని చూడాలి.

ఇక డబ్ల్యూపీసీ. కట్టెపొడి, ప్లాస్టిక్ కలిపి కరిగించి అచ్చులోంచి నెట్టిన సరుకు ఇది. మన దుకాణాల్లో ఆ పేరుతో దొరికే గోడ పలకల్లో ప్లాస్టిక్ అంటే దాదాపు ఎప్పుడూ పీవీసీనే. దానికి కట్టెపొడి, సున్నపురాయి పొడి, లోపల బుడగలు పుట్టించే రసాయనం, వేడికి చెడిపోకుండా స్టెబిలైజరు చేరతాయి. ఏది ఎంత అన్నది కంపెనీ ఇష్టం. కొన్నిటిలో కట్టెపొడి నామమాత్రమే, సున్నపురాయి పొడిదే రాజ్యం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలను పోషించేది ఏ రాయో, పలక బరువును పెంచేదీ అదే రాయి. పలకను విరిస్తే అడ్డంగా పుటుక్కున విరిగి, విరిగినచోట వేలికి తెల్లపొడి అంటుకుంటే అందులో రాయి పాలు ఎక్కువని అర్థం. చార్‌కోల్ ప్యానెల్ అని అమ్మేవాటిలో చాలా వరకు పాలీస్టైరీన్, అంటే థర్మాకోల్ ఏ ప్లాస్టిక్‌తో చేస్తారో అది. బొగ్గు వల్ల గది గాలి శుభ్రపడుతుందన్న మాటను నేనైతే నమ్మను. ప్లాస్టిక్‌లో కూరుకుపోయిన బొగ్గుకు గాలి తగలదు, తగలని గాలిని అది శుభ్రం చేయలేదు.

పీవీసీ పలక నీళ్లు తాగదు. సీసా ప్రయోగం అక్కడికి సరిపోతుంది. మరి ఎండకు ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. పీవీసీ కలిసిన పలక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షలకు సుమారు 50 పాళ్లు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలున్న గోడ, మే నెల సాయంత్రం పడమటి వైపు 45కు చేరుతుంది. తేడా 25 డిగ్రీలు. తొమ్మిదిన్నర అడుగుల పలక, అంటే 2900 మిల్లీమీటర్లు. గుణిస్తే మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. కట్టె అయితే నార పొడవునా అదే వేడికి అందులో పదో వంతు కూడా సాగదు. చలికాలంలో నేల నుంచి ఫాల్స్ సీలింగ్ దాకా ఖాళీ లేకుండా ఇరికించి బిగించిన పలకకు వేసవిలో సాగే చోటు ఉండదు, నడుమ పొట్ట ముందుకు వస్తుంది. దాన్ని సిలికాన్ తప్పనో, సరుకు తప్పనో అంటారు. చాలాసార్లు బిగించిన నెల తప్పు.

ఎండీఎఫ్ దీనికి తలకిందులు. వేడికి దాదాపు కదలదు, గాలిలో తేమకు కదులుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఇక్కడి గాలిలో తేమ 30 శాతానికి దిగుతుంది, ఆగస్టు ఉదయాన 80 దాటుతుంది. ఆ తేడాకు బోర్డు పొడవు వెయ్యికి రెండు మూడు పాళ్లు మారుతుంది. ఎనిమిది అడుగుల షీటుకు అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్లన్నమాట. మే నెలలో అంచుకు అంచు ఆనించి కొట్టిన షీట్లు శ్రావణంలో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అతుకు దగ్గర లప్పం పగులుతుంది.

ఒకటి ఎండాకాలం చూసుకోవాల్సిన సరుకు, ఒకటి వానాకాలం చూసుకోవాల్సిన సరుకు. నల్లగొండ, పాలమూరు ఎగువ నేలల్లో ఏడాది వాన ఇంచుమించు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా జూన్, సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలు గాలి పొడి. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉప్పుగాలికి ఏడాదంతా తడుస్తూ ఉండే ఎండీఎఫ్ కంటే ఇక్కడి ఎండీఎఫ్ సుఖంగా ఉంటుంది. కోస్తాలో విని వచ్చిన సలహాను ఇక్కడ గుడ్డిగా పాటించనక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఎండీఎఫ్‌ను పాడుచేసేది గాలి కాదు, గోడ.

పాలమూరు పాత ఇల్లు ఎలా కట్టారో గుర్తు తెచ్చుకోండి. దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన మేస్త్రీలు, కూలీల జిల్లా అది. వాళ్ల ఊళ్లో మాత్రం అడుగున్నర, రెండడుగుల మందం రాతిగోడ, రాళ్ల నడుమ మట్టి, పైన మట్టిపూత, దాని మీద సున్నం. కప్పుకు వేప దూలాలు, మట్టి మిద్దె. పునాదిలో చెమ్మను అడ్డుకునే పొర లేదు. గ్రానైటు రాయి నీటిని పీల్చదు. రాళ్ల నడుమ ఉన్న మట్టి, సున్నం పీలుస్తాయి. సన్నని సందుల్లోంచి నీరు దానంతట అదే పైకి పాకుతుంది, మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా. సున్నపు పూత గాలాడేది కాబట్టి నీరు రెండు వైపులా ఆరిపోయేది. ఆరేచోట నీరు మోసుకొచ్చిన ఉప్పులు మిగిలిపోయి స్ఫటికాలు కడతాయి, ఆ స్ఫటికాలు పెరిగి పూతను లోపలి నుంచి నెడతాయి. గోడ కింది భాగంలో తెల్లగా పొడి రాలేది అందుకే. ప్రతి దసరాకో ఉగాదికో మళ్లీ సున్నం వేస్తే సరిపోయేది.

(నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నంతో దాన్ని తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ ఈ జిల్లా పేరే పెట్టింది. గోడల విషయంలో ఫ్లోరైడు కంటే బోరు నీటిలోని మిగతా ఉప్పులదే తంటా. ఆ నీటితో ప్లాస్టరింగు, క్యూరింగు చేసిన కొత్త గోడలకు కూడా తెల్లపొడి పడుతుంది.)

ఇప్పుడు అలాంటి గోడ మీద సిమెంటు పూశారు, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారు. అయినా రాలుతోందని చివరికి ప్యానెల్ వేయించారు. చెమ్మ ఎక్కడికి పోవాలి? ఆరే దారి మూసుకుపోయేసరికి నీరు ఇంకా పైకి పాకుతుంది. పలక ఎండీఎఫ్ అయితే రెండో వానాకాలానికి కింది అంచు లావెక్కి, సన్‌మైకా పెళ్లలు లేచిపోతాయి. డబ్ల్యూపీసీ అయితే పలకకు ఏమీ కాదు. గోడకు అవుతుంది. సిలికాన్‌తో అతికించిన పలక ఎమల్షన్, పూత పొరతో సహా ఊడి చేతికి వస్తుంది, వెనక నల్లటి బూజు. డబ్ల్యూపీసీ చెడకపోవడం ఇలాంటిచోట గొప్ప కాదు, లోపల జరిగేది బయటికి చెప్పకపోవడమే దాని గుణమవుతుంది.

కొనేముందు గోడను అడిగే పద్ధతి ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. అడుగున్నర చదరం పాలిథీన్ కవరును నేలకు జానెడు ఎత్తున గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. ఒకటి రెండు రోజులు ఉంచండి. కవరుకు గోడవైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదు. ఏమీ పడకపోతే గోడ పొడిగా ఉంది. ఈ పరీక్షను ఎండాకాలంలో చేసి సంబరపడొద్దు, వానలు పడ్డాక ఆగస్టు, సెప్టెంబరుల్లో చేయాలి. చుక్కలు గోడవైపు పడ్డాయంటే ముందు పిలవాల్సింది సుతారి మేస్త్రిని. ఇంటీరియర్ డిజైనర్‌కు అప్పుడే తొందరలేదు.

చెదల కథ కూడా గోడ కథే. ఎర్ర చెల్క నేలల్లో పుట్టలు పెట్టే చెదలకు చీకటి, తడి, సెల్యులోజు కావాలి. ఎండీఎఫ్ ఈ మూడింటినీ ఒక్కచోట వడ్డిస్తుంది. పీవీసీ పలకను అవి తినవు. కానీ పలక వెనక ఖాళీలో హాయిగా మట్టి సొరంగం కట్టుకుని పైకి పోయి, దర్వాజ చెక్కనో, మిద్దె దూలాన్నో, పలకను నిలబెట్టిన కట్టె రీపర్లనో పట్టుకుంటాయి. ఖాళీ గోడ మీదైతే చెద గీత పడిన మర్నాడే ఇంట్లో ఎవరో ఒకరి కంట పడుతుంది, చీపురుతో గీకి మందు కొడతారు. ప్యానెల్ వెనక సంవత్సరం దాకా ఎవరికీ తెలియదు. అందుకే ఏ పలక వేసినా ఫ్రేము అల్యూమినియం చానెళ్లతో వేయించడం, నేలకు అర అంగుళం ఎడం వదలడం, ఒక్క పలకైనా క్లిప్పుల మీద ఊడదీసి లోపల చూసుకునేలా పెట్టించడం మేలు. మట్టి కట్టుబడి రాతిగోడలో గిట్టీ పట్టు నిలవదు. డ్రిల్లు రాయికి తగిలేలా చూడాలి గాని నడుమ మట్టిలోకి దిగితే రెండు నెలల్లో స్క్రూ వదులవుతుంది.

ఆరోగ్యం మాట వచ్చేసరికి అందరూ ఎండీఎఫ్ వైపే వేలు చూపిస్తారు. కారణం ఉంది. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు గట్టిపడిన రసాయన చర్య వేడికి, తేమకు కొద్దికొద్దిగా వెనక్కి నడుస్తుంది, ఫార్మాల్డిహైడ్ వాయువు బయటికి వస్తుంది. దీన్ని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. గదిలో అరగంట సగటు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2005 కత్రీనా తుపాను బాధితులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్ ఇళ్లలో చౌకరకం బోర్డులు వాడటంతో కళ్లు మండుతున్నాయని, ఊపిరాడటం లేదని జనం మొత్తుకున్నారు. కొలిస్తే వాయువు ఎక్కువే తేలింది.

దుకాణంలో బోర్డు మీద ఈ1 అని ముద్ర చూపిస్తారు. అది పనికొచ్చే ముద్రే. ఈ1 బోర్డు పరీక్ష గదిలో ఘనపు మీటరుకు 0.124 మిల్లీగ్రాముకు మించి వాయువు వదలకూడదు. ఆ పరీక్ష గది వేడి ఎంతో తెలుసా? 23 డిగ్రీలు. గాలిలో తేమ 45 శాతం. నల్లగొండలో ఏ ఇంట్లో అయినా మే నెల మధ్యాహ్నం 23 డిగ్రీలు ఉంటుందంటే అది బ్యాంకు ఏటీఎం గది అయి ఉండాలి. పది డిగ్రీలలోపు వేడి పెరిగితేనే వాయువు రెట్టింపు అవుతుంది. యూరప్‌లో ఈ1 అయిన బోర్డు మన వేసవిలో ఈ1గా ప్రవర్తించదు. ఊరట ఏమిటంటే, నెలలు గడిచేకొద్దీ వాయువు తగ్గుతుంది. రెండు ముఖాలకూ సన్‌మైకా అతికించి, అంచులన్నీ మూసేస్తే చాలా వరకు లోపలే ఆగుతుంది. జాలీ కటింగు పేరుతో సీఎన్‌సీ మిషన్‌తో ఎండీఎఫ్‌ను పూలు, నెమళ్లుగా కోసి పెయింటు కొట్టి పెడుతున్నారే, వాటిలో ఉన్నదంతా కోసిన అంచే. పిల్లలు పడుకునే గదిలో, తలుపులు మూసి ఏసీ వేసుకునే గదిలో అలాంటివి వద్దు. వేయించిన ఇంట్లో మొదటి ఎండాకాలం సాయంత్రాలు కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇంటివాళ్ల కంటే ముందు ఆ గాలి పీల్చేది కార్పెంటరు. మూసిన హాల్లో కటింగ్ మిషన్ పెట్టి ఎండీఎఫ్ కోస్తుంటే లేచే దుమ్ము పిండి కంటే సన్నన. కట్టె దుమ్మును కూడా ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో అదే జాబితాలో పెట్టింది. మాస్కు బదులు మూతికి తువాలు చుట్టుకుని పనిచేసే కుర్రాళ్లను ప్రతి సైటులో చూస్తాం. కోత పని మేడ మీదో వాకిట్లోనో పెట్టించడం ఇంటి యజమాని చేతిలోని పనే.

డబ్ల్యూపీసీలో ఫార్మాల్డిహైడ్ జిగురు లేదు. దాని చిక్కులు వేరు. పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ వల్ల అది సులభంగా మంట అంటుకోదు, మంట తీసేస్తే ఆరిపోతుంది. అమ్మేవాళ్లు లైటర్ పెట్టి చూపించేది అదే. ఇల్లు తగలబడ్డప్పుడు మాత్రం ఆ క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువుగా, దట్టమైన నల్లపొగతో పాటు వస్తుంది. దారి కనపడక, ఊపిరాడక పోయే ప్రాణాలే ఎక్కువ. పాలీస్టైరీన్ చార్‌కోల్ ప్యానెల్ అయితే కరిగి చుక్కలుగా కారుతూ మండుతుంది. దుకాణాల ముందు వేసే ఏసీపీ షీట్లలో రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య పాలిథీన్ ఉంటుంది. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంట భవనం నిలువునా పాకింది ఆ రకం పలకల మీదుగానే. మిగిలిపోయిన ఏసీపీ ముక్కలను ఇంట్లో వంటగదికి వాడే తెలివి మానుకోవాలి.

పూజగది ఇంకో చోటు. 80 డిగ్రీల దగ్గర పీవీసీ మెత్తబడుతుంది. దీపపు కుంది, హారతి పళ్లెం, అగరొత్తుల గూడు గోడకు జానెడు దూరంలో ఉండే పూజగదిలో ఆ వేడి తగలొచ్చు. అక్కడ పీవీసీ పలకైతే కమిలి వంగుతుంది, ఎండీఎఫ్ అయితే మసిబారుతుంది. తాండూరు బండో, మామూలు టైలో అక్కడికి చాలు. టీవీ వెనక పలకల్లో ఎల్‌ఈడీ పట్టీలు వెలిగించే డ్రైవర్ డబ్బాను లోపల దాచేస్తారు. అది వేడెక్కే వస్తువు, గాలి తగిలేచోట పెట్టించుకోవాలి. పీవీసీలో కలిపే స్టెబిలైజరులో సీసం ఉండొచ్చన్నది మరో విషయం. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని అరికడుతూ కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అవి పైపులకే. పలకల్లో సీసం లేదని కంపెనీ కాగితం మీద రాసిస్తే నమ్మొచ్చు, నోటిమాటకు విలువ లేదు.

"ప్యానెల్ వేస్తే రూము సల్లగుంటది" అన్న మాటలో కొంత నిజం ఉంది. ఫ్రేము మీద వేసిన పలకకూ గోడకూ మధ్య ఆగిన గాలి వేడిని కాస్త ఆపుతుంది. గోడకు నేరుగా అతికించిన పలకతో ఆ లాభం పెద్దగా రాదు. అయినా ఒంటి అంతస్తు స్లాబు ఇంట్లో వేడి కుమ్మరించేది గోడ కంటే పైకప్పు. చల్లదనమే కావాలంటే ఆ డబ్బులో చిన్న భాగంతో స్లాబుకు తెల్లటి కూల్ పెయింటు వేయించొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా దీనికే.

ఇన్ని చెప్పాక ఏది కొనాలంటే, నా లెక్క ఇది. పిల్లర్ల మీద కట్టిన కొత్త ఇంట్లో, పై అంతస్తులో, లోపలి అడ్డగోడకు, పాలిథీన్ పరీక్షలో పొడిగా తేలినచోట, ఐఎస్‌ఐ గుర్తున్న తేమ నిరోధక ఎండీఎఫ్ భేషుగ్గా ఉంటుంది. పనితనం నున్నగా వస్తుంది, మరమ్మతుకు వీలుంటుంది, వేసవి వేడికి పొట్ట తేలదు. కింది అంతస్తులో బయటి గోడకు, బాత్రూముకు వీపు ఆనించిన గోడకు, సింకు పక్కన డబ్ల్యూపీసీ. అదీ కొసలకు అర సెంటీమీటరు ఎడం వదిలి, మరీ ముదురు రంగు కాకుండా. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గోడకు రెండూ వద్దు. పాత రాతిగోడకు ఏ పలకా వద్దు. సిమెంటు పూత గీకించి, సున్నంతో మళ్లీ పూయించడం తెలిసిన మేస్త్రి దొరికితే ఆయనను వదలొద్దు. అలాంటివాళ్లు తగ్గిపోతున్నారు.

ఈ పలకల ముడిసరుకు మన దగ్గరే తగలబడుతోందన్నది వేరే ముచ్చట. శ్రీకాళహస్తి నుంచి ఎండీఎఫ్ లారీ నల్లగొండ రావాలంటే అద్దంకి, నార్కట్‌పల్లి రోడ్డు మంచి దారి. సుమారు 210 కిలోమీటర్ల ఆ రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోతుంది. అక్కడి బియ్యం మిల్లుల ఊకలో చాలా భాగం బాయిలర్ల పొయ్యిలోకి పోతుంది. ఇంకాస్త ముందుకొస్తే పత్తి చేలు, మాఘమాసంలో చేను చేనుకూ పత్తికట్టె మంటలు. పత్తికట్టెతో పార్టికల్ బోర్డు చేయొచ్చని ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్‌కాట్, ఎప్పుడో చేసి చూపించింది. హెక్టారుకు రెండు మూడు టన్నుల కట్టె వస్తుంది, నారలో అది మామూలు కట్టెకు తీసిపోదు. చిక్కు వేరేచోట ఉంది. కట్టె బరువు తక్కువ, జాగా ఎక్కువ. లారీ నిండుతుంది గాని తూకం రాదు. రెండు నెలల్లో వచ్చే సరుకును ఏడాదంతా ఫ్యాక్టరీకి దాచాలి, నిప్పు నుంచీ చెదల నుంచీ కాపాడాలి. సుబాబుల్‌కు ఆ బాధ లేదు, కావలసినప్పుడు నరుక్కోవచ్చు.

ఊకది ఇంకో రకం మొండితనం. కాల్చితే అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో తొంభై పాళ్లు సిలికా, అంటే ఇసుక పదార్థం. ఊకకు పైన సిలికా, మైనం పొర ఉండటంతో యూరియా జిగురు దాన్ని పట్టుకోదు, ఖరీదైన వేరే జిగురు కావాలి. ప్లాస్టిక్‌లో కలిపితే మాత్రం ఊక బాగా కుదురుతుంది. జర్మనీ నుంచి రెసిస్టా అనే సరుకు వచ్చింది. అందులో 60 శాతం ఊక, 22 శాతం మామూలు ఉప్పు, 18 శాతం ఖనిజ తైలం అని చెబుతారు. ఉప్పు, తైలం కలిస్తే పీవీసీ అన్నమాట, చెప్పే తీరు అందంగా ఉంది. ఊకతో చేసిన బోర్డులు మనవైపు కూడా అమ్ముడవుతున్నాయి. వీటిని కోసే కార్పెంటర్ల గోడు ఒకటే: సిలికా వల్ల రంపం బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, మామూలు బ్లేడు పనికిరాదు, కార్బైడ్ పళ్లది కొనాలి.

పని అయిపోయాక మిగిలే ముక్కల గురించి ఒక మాట చెప్పి ఆపుతాను. పాత సామాన్లవాళ్లు అల్యూమినియం చానెళ్లు తీసుకుంటారు. ఎండీఎఫ్ ముక్కలు, రాయి పొడి కలిసిన డబ్ల్యూపీసీ ముక్కలు తీసుకోరు. అవి వాకిట్లో ఓ మూల పడి ఉండి, చలికాలం వచ్చేసరికి నీళ్ల పొయ్యిలోకో చలిమంటలోకో చేరతాయి. జిగురు, క్లోరిన్ రెండూ ఆ పొగలో ఉంటాయి. కొలత సరిగ్గా తీసుకుని మిగులు తగ్గించమని కార్పెంటర్‌కు ముందే చెప్పాలి. పెద్ద ముక్కలు అటక మీద దాస్తే రేపు ఒక పలక చెడినప్పుడు అదే రంగు దొరకదు కాబట్టి అక్కరకొస్తాయి. చిన్నవి మునిసిపాలిటీ బండిలో పొడి చెత్త కింద వేయాలి.